దావత్‌కు బత్తాయి సోర్బెట్

మన ఇళ్ళలో దావత్ అనగానే బిర్యానీ, మిర్చీ కా సాలన్, బగారా బైంగన్‌ల గురించి వారం ముందునుంచే సమాలోచనలు సాగుతాయి. తీపి విషయానికి వస్తే డబుల్ కా మీఠా ఉండనే ఉంది. అది శ్రేష్ఠమైనదే. కాని నేతితో, మాంసంతో నిండిన భోజనం పిదప మళ్ళీ నేతిలో వేయించిన రొట్టె భారమే అవుతుంది. వేసవి రాత్రి మిత్రులు భోజనం ముగించి కూర్చున్నప్పుడు నాలుక కోరేది కొంచెం పులుపు, కొంచెం చల్లదనం. అందుకు పళ్ళరసాన్ని గడ్డకట్టించి చేసే సోర్బెట్ ఎంతో అనువైనది.

పేరు పరాయిదిగా వినిపించినా ఇది మన షర్బత్‌కు బంధువే. అరబీలో ‘షరిబ’ అంటే ‘తాగాడు’ అని అర్థం. ఆ ధాతువునుండి పుట్టిన మాటే తుర్కీ భాష మీదుగా ఇటలీ చేరి ‘సోర్బెట్టో’ అయింది. అక్కడినుండి ఫ్రాన్సుకు వెళ్ళింది.

అయితే పాశ్చాత్య వంట పుస్తకాలను అనుసరించేవారు ఒక విషయం గమనించాలి. వాటిలో తరచుగా రెండు చెంచాల మద్యం కలపమని ఉంటుంది. అది కేవలం రుచికోసం కాదు. మద్యం కలిస్తే రసం రాయిలా బిగుసుకోదు, అంతే. ఆ పనిని చక్కెర చక్కగా నిర్వహిస్తుంది. ‘ఉడికితే ఆవిరైపోతుంది కదా’ అనే సాకు సైతం ఇక్కడ చెల్లదు. ఇందులో ఉడకబెట్టేది పాకం ఒక్కటే. హరామ్ పదార్థం ఒక్క చుక్క కూడా అవసరం లేని వంటకమిది.

పదిమందికి 750 మిల్లీలీటర్ల బత్తాయి రసం, మూడు నిమ్మకాయల రసం, 250 గ్రాముల చక్కెర, 200 మిల్లీలీటర్ల నీరు, చిటికెడు ఉప్పు చాలు. నల్గొండ బత్తాయి దొరికితే మేలు. దానికి పులుపు తక్కువ కనుకనే నిమ్మరసం తప్పనిసరి. చక్కెర, ఉప్పు నీటిలో కరిగేదాకా కాచి, పూర్తిగా చల్లార్చాలి. బత్తాయి రసం నిలవ ఉన్నకొద్దీ చేదెక్కుతుంది. కాబట్టి పాకం చల్లారిన తరువాతే పళ్ళు పిండాలి. గింజలు, తెల్లని లోపలి పొర నలగనీయరాదు. రసాన్ని వేడి చేయనేకూడదు. కలిపిన పిదప రుచి చూస్తే తీపి కాస్త ఎక్కువనిపించాలి. చలువలో తీపి మందగిస్తుంది.

ఈ మిశ్రమాన్ని వెడల్పైన, మూత ఉన్న స్టీలు డబ్బాలో పోసి ఫ్రీజర్‌లో ఉంచాలి. మూత ముఖ్యం, పక్కనే ఖుర్బానీ మాంసం ఉంటే ఆ వాసన పట్టేస్తుంది. గంట తరువాత అంచులు గడ్డకడతాయి. వాటిని ఫోర్కుతో గీకి నడుమకు కలపాలి. అరగంటకొకసారి నాలుగైదు మార్లు ఇలా చేస్తే పెద్ద మంచు పలుకులు ఏర్పడవు. ఈ ఒక్క శ్రమకు బద్ధకిస్తే మిగిలేది తీపి మంచుగడ్డ. పిల్లలకు ఈ పని అప్పగించవచ్చు. వారు ఎంత తిన్నారో మాత్రం అడగకండి!

ఇదంతా ముందురోజే ముగుస్తుంది. దావత్ నాడు వడ్డనకు పది నిమిషాల ముందు బయట పెడితే సరి. మన విందుల్లో అతిథులు నవ్వుతూ మాట్లాడుకుంటూ ఉండగా ఇల్లాలు చివరి తీపి కోసం పొయ్యి ముందే నిలబడిపోవడం ఎన్ని ఇళ్ళలో చూడలేదు! వచ్చిన స్నేహితురాళ్ళ పక్కన ఆమె కూడా కూర్చోవాలి కదా. మెహమాన్ నవాజీ పేరిట ఒకరిని వంటింటికి బందీ చేయడం సబబు కాదు.

మధుమేహం ఉన్న పెద్దలకోసం చక్కెర తగ్గిస్తే సోర్బెట్ గట్టిపడిపోతుంది. వారికి బత్తాయి తొనలు విడిగా ఒలిచి చల్లబరచి ఇవ్వడం మర్యాద.

కరెంటు పోయి సోర్బెట్ కరిగిపోయినా చింతించనవసరం లేదు. చన్నీళ్ళు, నాలుగు పుదీనా ఆకులు కలిపి గ్లాసుల్లో పోయండి. షర్బత్ సిద్ధం.