పాత టర్బో కారుకు కొత్త బలం: రీమ్యాప్ కంటే ముందు చూడవలసినవి

ఫియట్ లీనియా టీ-జెట్ భారత మార్కెట్లోకి వచ్చింది 2010లో. తొలి విడతలో రోడ్డెక్కిన ఆ కార్లకు 15 ఏళ్లు నిండాయి. సొంత వాహనానికి మొదట లభించే రిజిస్ట్రేషన్ గడువు కూడా 15 ఏళ్లే. అంటే అవి మరోసారి రవాణా శాఖ అధికారి ఎదుట నిలబడవలసిన వయసుకు చేరాయి. అయినా ఈ కార్లను, ఇంతకన్నా పాతవైన స్కోడా ఆక్టేవియా ఆర్ఎస్ వంటి వాటిని వెతికి మరీ కొనేవారు ఇప్పటికీ ఉన్నారు. సెకండ్ హ్యాండ్‌లో తక్కువ ధరకు దొరికే టర్బో కారు నడపడంలో ఇచ్చే ఆనందం అటువంటిది. కారు ఇంటికి చేరిన కొద్ది వారాలకే యజమాని మనసులో ఒక ప్రశ్న మొదలవుతుంది: దీని శక్తిని ఇంకొంత పెంచవచ్చా?

పెంచవచ్చు. టర్బో ఇంజిన్‌లో ఆ అవకాశం మామూలు ఇంజిన్‌లో కన్నా చాలా ఎక్కువ. అయితే 15 ఏళ్ల కారు విషయంలో ముందుగా అడగవలసిన ప్రశ్న వేరే ఉంది. తయారీదారు ఇచ్చిన శక్తిలో ఇప్పుడు ఎంత మిగిలి ఉంది? దీనికి సమాధానం తెలియకుండా పెట్టే ఖర్చు చాలా సందర్భాల్లో ఇంజిన్ మీదికే వస్తుంది.

గాలిని నొక్కి పంపే యంత్రం

ఇంజిన్ ఎంత గాలి పీల్చగలిగితే అంత ఇంధనాన్ని మండించగలదు. బయటికి పోయే పొగ వేగంతో ఒక చిన్న చక్రాన్ని తిప్పి, అదే ఇరుసుకు ఉన్న మరో చక్రంతో బయటి గాలిని నొక్కి సిలిండర్లలోకి పంపడమే టర్బో చేసే పని. చిన్న కార్లలో ఈ ఇరుసు నిమిషానికి రెండు లక్షలకు పైగా తిరగగలదు. నొక్కుడు పీడనాన్ని బూస్ట్ అంటారు. వాతావరణ పీడనం సుమారు 1 బార్. దానిపై 0.8 బార్ బూస్ట్ ఉంటే ఇంజిన్‌కు అందే మొత్తం పీడనం 1.8 బార్. బూస్ట్‌ను 1 బార్‌కు పెంచితే మొత్తం 2 బార్ అవుతుంది. గాలి వేడెక్కకుండా ఉండగలిగితే ఈ ఒక్క మార్పుతో 11 శాతం అదనపు గాలి అందుతుంది. సిలిండర్ పరిమాణం మార్చనక్కర్లేదు, పిస్టన్ తీయనక్కర్లేదు.

కంపెనీలు ఈ అవకాశాన్ని ఎలా వాడుకుంటాయో లీనియా చరిత్రలోనే కనిపిస్తుంది. అందులోని 1,368 సీసీ టీ-జెట్ పెట్రోల్ ఇంజిన్ శక్తి 114 హార్స్‌పవర్, టార్క్ 207 న్యూటన్ మీటర్లు. అదే కుటుంబపు ఇంజిన్‌ను 2015లో అబార్త్ పుంటోలో 145 హార్స్‌పవర్‌తో అందించారు. గరిష్ఠ టార్క్ మాత్రం 212 దగ్గరే ఆగింది. టార్క్ 5 పెరిగితే శక్తి 31 ఎలా పెరిగిందన్న సందేహం సహజం. టార్క్‌ను ఇంజిన్ వేగంతో గుణిస్తే వచ్చేదే శక్తి. లీనియా ఇంజిన్‌లో 5,000 ఆర్‌పీఎం దగ్గర టార్క్ సుమారు 160కి పడిపోతుంది. అబార్త్‌లో 5,500 దగ్గర కూడా అది 185 వరకు నిలిచి ఉంటుంది. తేడా అంతా అక్కడే ఉంది. తక్కువ వేగంలో ఒక్కసారిగా టార్క్ గుమ్మరించే ట్యూన్ నడిపేవారికి థ్రిల్ ఇస్తుంది. కానీ కనెక్టింగ్ రాడ్లకు, క్లచ్‌కు అదే ఎక్కువ శ్రమ. పై వేగాల్లో టార్క్‌ను నిలబెట్టే ట్యూన్ పాత ఇంజిన్‌కు మేలు.

డీజిల్ కార్లలో ఇక్కడే ఒక పొరపాటు జరుగుతుంటుంది. స్విఫ్ట్ మొదలు ఇండికా విస్టా వరకు ఎన్నో కార్లలో వాడిన 1,248 సీసీ మల్టీజెట్ ఇంజిన్ 75 హార్స్‌పవర్‌తోనూ, 90కి పైబడిన శక్తితోనూ వచ్చింది. కనుక 75ను 90 చేయడం కేవలం సాఫ్ట్‌వేర్ పని అనుకుంటారు. నిజానికి రెండో దానిలో ఉన్నది రెక్కల కోణం మారుతూ పనిచేసే వేరే రకం టర్బో. చిన్న టర్బో నుంచి పెద్ద టర్బో ఫలితం రాబట్టాలని చూస్తే మొదట వచ్చేది నల్లటి పొగ, తరువాత వచ్చేది టర్బో రిపేరు బిల్లు.

పోయిన శక్తిని వెతకడం

పాత టర్బో కారులో పికప్ తగ్గితే ఎక్కువ మంది టర్బోనే అనుమానిస్తారు. అసలు దోషి తరచుగా ఒక రబ్బరు గొట్టం. టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కు, అక్కడి నుంచి ఇంజిన్‌కు వెళ్లే హోస్ పైపులు బానెట్ కింది వేడికి ఏళ్ల తరబడి ఎండి బీటలు వారతాయి. ఇంజిన్ ఆపి చూస్తే ఆ బీట కంటికి కనిపించదు. బూస్ట్ వచ్చినప్పుడే అది నోరు తెరుస్తుంది. వేస్ట్‌గేట్‌ను నడిపే సన్నని వ్యాక్యూమ్ గొట్టాల సంగతీ అంతే.

గాలి పరిమాణాన్ని ముందే కొలిచే సెన్సర్ ఉన్న కార్లలో, కొలిచిన గాలి మధ్యలో బయటికి పోతుంది. ఇంధనం మాత్రం పాత లెక్క ప్రకారమే పడుతుంది. మైలేజీ తగ్గి, పొగ వాసన మారుతుంది. పీడనాన్ని కొలిచే సెన్సర్ ఉన్న కార్లలో ఇబ్బంది మరింత గుట్టుగా సాగుతుంది. తగ్గిన పీడనాన్ని పూడ్చడానికి టర్బో ఇంకా వేగంగా తిరుగుతుంది. డ్రైవర్‌కు తేడా పెద్దగా తెలియదు, టర్బో ఆయుష్షు మాత్రం కరిగిపోతుంటుంది. ఈ స్థితిలో ఉన్న కారుకు రీమ్యాప్ చేయించడం ఆయాసపడుతున్న మనిషిని పరుగు పందెంలో నిలబెట్టడమే.

ఈ లీకులను పట్టుకోవడం కష్టమేమీ కాదు. గాలి వచ్చే దారిని మూసి, లోపలికి తక్కువ పీడనంతో పొగను పంపితే బీట ఉన్నచోట పొగ బయటికి వస్తుంది. దీనికి అవసరమైన స్మోక్ మెషిన్ పెద్ద గ్యారేజీలలో ఉంటుంది. అలాగే ప్రతి సిలిండర్‌లో కంప్రెషన్ కొలిపించాలి. నాలుగింటిలో ఒకటి మిగతావాటికన్నా బాగా తక్కువ చూపిస్తే శక్తి పెంచే ఆలోచనను అక్కడే పక్కన పెట్టడం మంచిది. స్పార్క్ ప్లగ్‌లు, ఇగ్నిషన్ కాయిల్స్ కూడా చూసుకోవాలి. బూస్ట్ పెరిగేకొద్దీ ప్లగ్ కొనల మధ్య నిప్పురవ్వ దూకడం కష్టమవుతుంది. రోజువారీ నడకలో బాగానే ఉన్న పాత కాయిల్, బూస్ట్ పెంచిన తరువాత మిస్సింగ్ మొదలుపెట్టడానికి కారణం ఇదే. టైమింగ్ బెల్టును కిలోమీటర్లతో పాటు వయసును బట్టి కూడా మార్చాలి. తక్కువ తిరిగిన కారని మురిసిపోయి కొన్నవారు సాధారణంగా మరచిపోయేది ఈ బెల్టునే.

ఈ పనులన్నీ ముగిసేసరికి కారు పికప్‌లో స్పష్టమైన తేడా తెలుస్తుంది. కొందరు యజమానులు ఇక్కడితోనే తృప్తిపడి ఆగిపోతారు.

రీమ్యాప్, వేడి, పెట్రోలు

ఏ వేగంలో ఎంత బూస్ట్ ఇవ్వాలి, ఎంత ఇంధనం చిమ్మాలి, నిప్పు ఎప్పుడు రాజేయాలి అన్న పట్టికలు ఇంజిన్ కంప్యూటర్‌లో ఉంటాయి. వాటిని తిరగరాయడమే రీమ్యాప్. సెన్సర్ల సంకేతాలను మధ్యలో మార్చి కంప్యూటర్‌ను ఏమార్చే ట్యూనింగ్ బాక్సులు కూడా దొరుకుతాయి. వాటిని తీసివేయడం సులభం. కానీ పెట్రోల్ టర్బో కారులో నిప్పు రాజేసే సమయం మీద చాలా బాక్సులకు అదుపు ఉండదు. నా అభిప్రాయంలో పాత ఇంజిన్‌కు అది పెద్ద లోపం.

కారణం నాకింగ్. సిలిండర్‌లోని మిశ్రమం నిప్పురవ్వ నుంచి క్రమంగా మండాలి. వేడి, పీడనం హద్దు దాటితే ఒక మూల మిశ్రమం తనంతట తాను పేలుతుంది. ఆ దెబ్బలకు పిస్టన్ అంచులు విరుగుతాయి. నాక్ సెన్సర్ దీనిని పసిగట్టగానే కంప్యూటర్ నిప్పు రాజేసే సమయాన్ని వెనక్కి జరుపుతుంది. ఇంజిన్ బతుకుతుంది, శక్తి తగ్గుతుంది. జనవరి ఉదయం చురుకుగా పరుగెత్తిన కారు మే నెల మధ్యాహ్నం మందగించడం వెనుక ఉన్నది ఇదే.

విజయవాడలో 42 డిగ్రీల ఎండ ఉన్న రోజున టర్బో గాలిని రెట్టింపు పీడనానికి నొక్కితే, దాని సామర్థ్యం 70 శాతం అనుకున్నా, గాలి ఉష్ణోగ్రత 140 డిగ్రీల దాకా చేరుతుంది. ఆ వేడిని తగ్గించే బాధ్యత ఇంటర్‌కూలర్‌ది. లోపలికి వెళ్లే గాలి 10 డిగ్రీలు చల్లబడితే సాంద్రత సుమారు 3 శాతం పెరుగుతుంది, నాకింగ్ భయం తగ్గుతుంది. అందువల్ల మన వాతావరణంలో రీమ్యాప్‌కు తోడుగా డబ్బు పెట్టదగిన భాగం ఇదే. పెద్ద ఇంటర్‌కూలర్ కొనే ముందు పాతదాని రెక్కల్లో పేరుకున్న మట్టిని కడిగించడానికి అయ్యే ఖర్చు చాలా తక్కువ. శబ్దం చేసే ఎయిర్ ఫిల్టర్ల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. బానెట్ కింది వేడి గాలిని పీల్చే తెరిచిన ఫిల్టర్ కన్నా కంపెనీ పెట్టెలోని శుభ్రమైన ఫిల్టర్ నయం.

ఇక ఇంధనం. బంకుల్లో ఇప్పుడు దొరికే సాధారణ పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ ఉంటోంది. పాత టర్బో కారుకు దీనివల్ల మేలూ ఉంది, కీడూ ఉంది. ఈ-20 పెట్రోలు ఆక్టేన్ 95 కనుక నాకింగ్‌ను తట్టుకునే గుణం ఒకప్పటి 91 ఆక్టేన్ పెట్రోలు కన్నా మెరుగు. మరోవైపు, లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి పెట్రోలు కన్నా సుమారు మూడో వంతు తక్కువ. అదే గాలికి ఇంజెక్టర్లు మరింత ఇంధనాన్ని చిమ్మాలి, పాత పంపు మరింత శ్రమించాలి. పాత వాహనాల్లో కొన్ని రబ్బరు భాగాలను, గ్యాస్కెట్లను మార్చవలసి రావచ్చని కేంద్ర పెట్రోలియం శాఖ కూడా 2025 ఆగస్టులో పేర్కొంది. ఇంధన గొట్టాలు మార్చకుండా, పంపు పీడనం కొలవకుండా బూస్ట్ పెంచరాదు. వేడెక్కిన టర్బో పక్కన పెట్రోలు కారడం ఎంత ప్రమాదమో వేరే చెప్పాలా? 100 ఆక్టేన్ పెట్రోలు కొన్ని నగరాల్లో దొరుకుతుంది. దానికోసమే ట్యూన్ చేయించుకుంటే, దూర ప్రయాణంలో అది దొరకని బంకు దగ్గర చిక్కు వస్తుంది. ఎక్కడైనా దొరికే పెట్రోలుకు తగిన ట్యూన్ అడగడమే క్షేమం.

పని ముగిశాక డైనో మీద కొలిచిన అంకెలు చూపుతారు. ముందూ వెనుకా కొలతలు ఒకే యంత్రం మీద, ఒకే రోజు తీసినవై ఉండాలి. చక్రాల దగ్గర కొలిచిన శక్తిని, ఇంజిన్ దగ్గర లెక్కగట్టిన శక్తిని పక్కపక్కన పెట్టి తేడా చూపితే నమ్మవద్దు.

ఆపడం, చట్టం, బీమా

వేగం 100 నుంచి 120కి పెరిగితే బ్రేకులు మింగవలసిన శక్తి 44 శాతం పెరుగుతుంది. ఏళ్ల తరబడి మార్చని బ్రేక్ ఆయిల్ తేమను పీల్చుకుని త్వరగా మరుగుతుంది. డాట్-4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల వరకు మరగకూడదన్నది ప్రమాణం. తేమ చేరాక ఆ హద్దు 155 డిగ్రీలు. అది దాటితే పెడల్ మెత్తగా లోపలికి పోతుంది, కారు ఆగదు. కనుక బ్రేక్ ఆయిల్, ప్యాడ్లు, మంచి టైర్లు రీమ్యాప్‌కు ముందే రావాలి. క్లచ్ జారుతోందా అన్నది కూడా అప్పుడే చూడాలి. పై గేరులో యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు వేగం పెరగకుండా ఆర్‌పీఎం మాత్రం ఎగబాకితే క్లచ్ చివరి దశలో ఉన్నట్లే.

చట్టం సంగతి చాలామంది చివర్లో ఆలోచిస్తారు. మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు మొదట పేర్కొన్న వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడానికి వీల్లేదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే విషయాన్ని స్పష్టం చేసింది. అదే ఏడాది వచ్చిన సవరణతో చేరిన 182ఏ సెక్షన్, అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు లేదా రెండూ విధించే వీలు కల్పించింది. సాఫ్ట్‌వేర్ కంటికి కనిపించదు గనుక చట్టానికి అందదని కొందరి ధీమా. ఆ ధీమాకు బలమైన ఆధారం లేదు. పొగ గొట్టంలోని క్యాటలిటిక్ కన్వర్టర్‌ను తొలగించడం, డీజిల్ కార్లలో కాలుష్య నియంత్రణ భాగాలను మూసివేయడం వంటివి అసలే చేయించరాదు. అవి పొల్యూషన్ పరీక్షలోనూ, రిజిస్ట్రేషన్ పొడిగింపు తనిఖీలోనూ బయటపడగలవు.

బీమాలో ప్రమాదం ఇంకా పెద్దది. ఇంజిన్‌లో చేసిన మార్పును కంపెనీకి తెలియజేయకుండా దాచితే, ప్రమాదం జరిగాక సొంత వాహన నష్టపరిహారాన్ని నిరాకరించడానికి దానికి ఒక కారణం దొరుకుతుంది. పని మొదలుపెట్టే ముందే రవాణా కార్యాలయాన్నీ, బీమా కంపెనీనీ రాతపూర్వకంగా అడిగి, జవాబును దాచుకోవాలి. అనుమతి లేదని జవాబు వస్తే కారును కంపెనీ ఇచ్చిన స్థితికి తెచ్చుకోవడం వరకే పరిమితం కావాలి. ఇప్పటికే రీమ్యాప్ అయిన కారును కొంటున్నవారు పాత యజమాని నుంచి అసలు సాఫ్ట్‌వేర్ కాపీని అడిగి తీసుకోవాలి. కారును తిరిగి మొదటి స్థితికి మార్చవలసి వస్తే పనికి వచ్చేది ఆ కాపీయే.