కంట్లో వరాకు కోసుకుందా? చుక్కల మందు కొనకముందు ఇది చదవండి

నంద్యాల, ఆళ్లగడ్డ పక్క కోతలు, నూర్పిళ్లు మొదలైతే కంట్లో వడ్ల పొట్టు పడడం, వరాకో జొన్నాకో కోసుకోవడం మామూలే. నీళ్లు చల్లుకొని మళ్లీ పనిలో పడతాం. అయితే ఆకుల మీద, మట్టిలో ఉండే బూజు ఆ చిన్న గాటులోంచి నల్లగుడ్డులోకి దిగుతుంది. డాక్టర్లు దీన్నే ఫంగస్ అంటారు.

హైదరాబాద్ ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి డాక్టర్లు పదేళ్లలో తమ దగ్గరికొచ్చిన 1,352 మంది ఇలాంటి రోగుల వివరాలను 2002లో ప్రచురించారు. వాళ్లలో సగానికి పైగా మందికి ముందు కంటికి దెబ్బ తగిలింది.

మొదట్లో పెద్దగా తెలియదు. కొన్ని రోజులకు ఎరుపు, నీరు కారడం, వెలుతురు చూడలేకపోవడం, నల్లగుడ్డు మీద తెల్ల మచ్చ కనిపిస్తాయి. అది చూసి 'పువ్వు వేసింది' అనుకొని ఆకుపసరు, ఆముదం, చనుబాలు పోయొద్దు. నలుసును నాలుకతో తీయించుకోవద్దు.

అన్నిటికంటే ప్రమాదం, చీటీ లేకుండా మెడికల్ షాపులో కొనే స్టెరాయిడ్ చుక్కలు. సీసా మీద డెక్సామెథసోన్, బెటామెథసోన్, ప్రెడ్నిసొలోన్ అని ఉంటే అవే. రెండ్రోజులు ఎరుపు తగ్గి, హాయిగా అనిపిస్తుంది. లోపల మాత్రం కంటి రక్షణ శక్తి తగ్గి, బూజు ఇంకా పెరుగుతుంది. మామూలు యాంటీబయాటిక్ చుక్కలు బ్యాక్టీరియా మీదే పనిచేస్తాయి, బూజును చంపవు.

కంటి డాక్టరు పుండును కొద్దిగా గీకి మైక్రోస్కోప్ కింద చూస్తే బూజు పోగులు చాలాసార్లు ఆరోజే కనిపిస్తాయి. సాధారణంగా నాటమైసిన్ చుక్కలు రాస్తారు. మొదట్లో గంట గంటకూ వేయాలి. మానడానికి వారాలు పడుతుంది, నొప్పి తగ్గిందని మధ్యలో ఆపితే తిరగబెడుతుంది.

డబ్బు సంగతి. ప్రభుత్వ ఆసుపత్రిలో ఓపీకి ఫీజు లేదు. ఆళ్లగడ్డ వాళ్లు ముందు దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రికి, అక్కడినుంచి రాసిస్తే నంద్యాల పెద్దాసుపత్రికో కర్నూలు ప్రాంతీయ కంటి ఆసుపత్రికో వెళ్లొచ్చు. నల్లగుడ్డు మార్చే ఆపరేషన్ అవసరమైతే డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ కింద వర్తిస్తుందా అని ఆసుపత్రిలోని వైద్యమిత్రను అడగండి, లేదా 104కి ఫోన్ చేయండి. పథకం ఉంది కదా అని ఆపరేషన్ దాకా ఆగితే మాత్రం నష్టం మనకే. మార్చిన నల్లగుడ్డుతో పాత చూపు పూర్తిగా వస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు.

వెళ్లేటప్పుడు బియ్యం కార్డు, ఆధార్ తీసుకెళ్లండి. అప్పటిదాకా వేసిన చుక్కల సీసా కూడా, ఖాళీదైనా సరే, డాక్టరుకు చూపించండి.