పెన్నేరు గడ్డ పొడి వాడితే పిల్లలు పుడతారా?

పెళ్లయి మూడు నాలుగేళ్లయినా సంతానం లేని జంటలు మా దగ్గరకు వచ్చినప్పుడు తరచుగా ఒక విషయం గమనిస్తుంటాము. భార్యకు స్కానింగులు, రక్తపరీక్షలు అన్నీ అయిపోయి ఉంటాయి. భర్తకు ఒక్క పరీక్షా జరిగి ఉండదు. ఎవరో చెప్పారని ఆయన పెన్నేరు గడ్డ పొడిని పాలలో కలుపుకొని తాగుతుంటారు. "ఇది పనిచేస్తుందా సిస్టర్?" అని అడిగేవారి కోసం ఈ నాలుగు మాటలు.

పెన్నేరు గడ్డ అంటే

అశ్వగంధనే మనం పెన్నేరు అంటాము. వర్షాధారపు మెట్ట పొలాల్లో పండుతుంది. దీని వేరును ఆయుర్వేదంలో బలానికి, వీర్యవృద్ధికి ఎంతో కాలంగా వాడుతున్నారు. అయితే పాతకాలం నుండి వాడుతున్నారన్నంత మాత్రాన రుజువైనట్లు కాదు.

పరిశోధనల్లో తేలినది

2010లో లక్నో పరిశోధకులు ఒక అధ్యయనం ప్రచురించారు. సంతానం లేని 75 మంది పురుషులకు రోజుకు 5 గ్రాముల వేరు పొడిని 3 నెలలు ఇచ్చారు. వీర్యకణాల సంఖ్య, కదలిక మెరుగుపడ్డాయి. కానీ పోల్చి చూడడానికి ఉత్తుత్తి మందు ఇచ్చిన గుంపు ఇందులో లేదు.

2013లో ప్రచురితమైన మరొక అధ్యయనంలో ఆ లోపం లేదు. కణాలు తక్కువగా ఉన్న 46 మందిలో 21 మందికి రోజుకు 675 మిల్లీగ్రాముల వేరు సారం, 25 మందికి ఉత్తుత్తి మందు 90 రోజులు ఇచ్చారు. సారం తీసుకున్నవారిలో కణాల సగటు మిల్లీలీటరుకు సుమారు 96 లక్షల నుండి 256 లక్షలకు పెరిగింది. ఇది ఆశ కలిగించే ఫలితమే. కానీ 21 మంది చాలా చిన్న సంఖ్య. పైగా కణాలు పెరగడం వేరు, బిడ్డ పుట్టడం వేరు.

ఈ తేడా ఎంత ముఖ్యమో అమెరికాలో 2,370 జంటలపై జరిగి 2020లో వెలువడిన అధ్యయనం చూపింది. పురుషులకు 6 నెలలు జింకు, ఫోలిక్ యాసిడ్ ఇచ్చినా పుట్టిన బిడ్డల సంఖ్యలో తేడా రాలేదు. అంతకుముందు చిన్న అధ్యయనాలు వీటిపై కూడా ఆశలు రేపాయి.

జాగ్రత్తలు

• థైరాయిడ్, షుగరు, బి.పి., నిద్ర మాత్రలు వాడేవారు డాక్టరును అడగకుండా తీసుకోకూడదు.
• కాలేయ జబ్బు ఉన్నవారు వాడకూడదు. అరుదుగా కామెర్లు వచ్చిన సందర్భాలున్నాయి. కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా వెంటనే ఆపి డాక్టరుకు చూపించుకోవాలి.
• గర్భిణులు తీసుకోకూడదు. "నేను తాగుతున్నాను, నువ్వూ తాగు" అని భార్యకు ఇవ్వకండి.
• లేబులు, లైసెన్సు నంబరు లేని పొడులు కొనవద్దు.

ముందు చేయవలసినది

సంతానలేమి ఉన్న జంటల్లో దాదాపు సగం మందిలో పురుషుని లోపం కూడా ఉంటుంది. కాబట్టి మొదటి రోజే భర్తకు వీర్యపరీక్ష చేయించాలి. దీనికి కోత లేదు, నొప్పి లేదు. పరీక్షకు ముందు 2 నుండి 7 రోజులు కలయికకు దూరంగా ఉంటే చాలు.

వీర్యంలో కణాలు అసలే లేకపోయినా, వృషణాల దగ్గర నరాలు ఉబ్బినా, దారి మూసుకుపోయినా పొడి మీద ఆధారపడి లాభం లేదు. గుట్కా, సిగరెట్టు, సారా మానాలి. కండల కోసం టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్లు వేయించుకుంటే కణాల ఉత్పత్తి ఆగిపోవచ్చు.

కొత్త కణాలు తయారై బయటకు రావడానికి సుమారు 3 నెలలు పడుతుంది. డాక్టరు సరేనంటే పెన్నేరు వాడి, 3 నెలల తర్వాత మళ్లీ పరీక్ష చేయించండి. మార్పు లేకపోతే అదే పొడితో ఏళ్లు గడపవద్దు. భర్త పొడి తాగుతూ ఎదురుచూసే ప్రతి ఏడాదీ భార్య వయసులో కూడా చేరుతుంది. 35 ఏళ్లు దాటిన స్త్రీకి ఆ కాలం తిరిగి రాదు.

అత్తమామలకు మా మనవి: రిపోర్టులు ఇద్దరివీ వచ్చేదాకా కోడలిని ఒక్క మాటా అనకండి. వచ్చాక కూడా, లోపం ఎవరిదైనా, అది జబ్బే గాని నేరం కాదు. డాక్టరు దగ్గరకు ఇద్దరూ కలిసి రండి.