సైనికుడి కాగితం: సెయింట్ లూయిస్ నుంచి మన ఇంటి బీరువా దాకా

2024 జులై 21, ఆదివారం రాత్రి పదకొండు దాటాక మదనపల్లె సబ్ కలెక్టర్ ఆఫీసులో మంటలు లేచాయి. రెండు వేలకు పైగా ఫైళ్లు కాలిపోయాయి. తమ భూమి కాగితాలు ఆ ఫైళ్లలో ఉన్నాయేమోనని జనం ఎంత తల్లడిల్లారో ఈ ప్రాంతం వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. అంతకు సరిగ్గా యాభై ఒక్క ఏళ్ల ముందు, అదీ జులైలోనే, అమెరికాలో అంతకు వేల రెట్ల దస్త్రాలు తగలబడ్డాయి. అవన్నీ సైనికుల సర్వీసు రికార్డులు. ఆ దెబ్బ నేర్పిన పాఠాలు మదనపల్లె, పుంగనూరు, కుప్పంలోని ప్రతి మాజీ సైనికుడి ఇంటికీ పనికొస్తాయి.

అర్ధరాత్రి 12 గంటల 16 నిమిషాలు

మిస్సోరి రాష్ట్రంలో సెయింట్ లూయిస్ దగ్గర సైనికుల రికార్డులు దాచే ఆరంతస్తుల భవనం ఉండేది. 1973 జులై 12న అర్ధరాత్రి దాటాక పై అంతస్తులో మంట కనబడింది. ఐదు నిమిషాలు తిరక్కముందే అగ్నిమాపక దళం వచ్చేసింది. అయినా మంట 22 గంటల పాటు అదుపులోకి రాలేదు. పూర్తిగా ఆరిందని ప్రకటించేసరికి నాలుగు రోజులు దాటింది. కాలిన ఆరో అంతస్తులో మంట తగలగానే నీళ్లు చిమ్మే స్ప్రింక్లర్లు లేవు. మంట ఎలా పుట్టిందో నేటికీ తేలలేదు.

ఇంటిపేరును బట్టి నష్టం

మొత్తం 1.6 కోట్ల నుంచి 1.8 కోట్ల ఫైళ్లు బుగ్గయ్యాయి. 1912–1960 మధ్య ఆర్మీ నుంచి విడుదలైన వాళ్ల రికార్డుల్లో నూటికి 80 పోయాయి. 1947–1964 మధ్య వైమానిక దళం వదిలిన వాళ్ల ఫైళ్లను ఇంటిపేర్ల అక్షర క్రమంలో పేర్చారు. ‘హబ్బర్డ్’ అనే ఇంటిపేరు నుంచి చివరి అక్షరం దాకా నూటికి 75 కాలిపోయాయి. అంతకు ముందున్న పేర్లవాళ్లవి బతికాయి. ఆ ఫైళ్లకు నకళ్లు తీయలేదు, మైక్రోఫిల్మూ చేయలేదు. పూర్తి జాబితా కూడా లేకపోవడంతో కచ్చితంగా ఎవరెవరివి పోయాయో చెప్పడమే కష్టమైంది.

తడిసిన ఫైళ్లకు వ్యోమనౌకల గది

మంటను ఆర్పిన నీళ్లే మరో ముప్పు తెచ్చాయి. జులై ఎండలకు తడి కాగితాలకు బూజు పట్టసాగింది. బూజు మందు చల్లి, ఫైళ్లను పాల ప్యాకెట్లు మోసే ప్లాస్టిక్ క్రేట్లలో సర్ది, మెక్‌డానెల్ డగ్లస్ కంపెనీకి చేర్చారు. వ్యోమనౌకలను పరీక్షించడానికి గాలి తోడేసే పెద్ద గది అక్కడ ఉంది. ఒక్కో విడత 2,000 క్రేట్లు అందులో పెడితే దాదాపు 8 టన్నుల నీరు బయటికి వచ్చేది. ఇలాంటి శ్రమతో 65 లక్షల దాకా ఫైళ్లు దక్కాయి. నల్లగా మాడిన కాగితం మీద కంటికి ఆనని అక్షరాలను ఈనాడు ఇన్‌ఫ్రారెడ్ కెమెరాలతో చదువుతున్నారు.

ఆదుకున్నవి నకళ్లే

రెండో ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులు చాలామంది తమ డిశ్చార్జి పత్రాన్ని సొంత ఊరి కౌంటీ కోర్టులో నమోదు చేయించుకున్నారు. మనం సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో దస్తావేజు రిజిస్టరు చేయించినట్టన్నమాట. సెయింట్ లూయిస్‌లో అసలు ఫైలు కాలిపోయినా, వాళ్ల పింఛనుకు, వైద్యానికి ఆ నకలే సాక్ష్యమైంది. మిగతావాళ్ల సర్వీసును జీతాల వోచర్ల నుంచి, ప్రతి సైనిక కంపెనీ రోజూ రాసిన ఉదయపు నివేదికల నుంచి కూర్చారు. ఆ రోజు ఎవరు చేరారు, ఎవరు ఆసుపత్రికి వెళ్లారు, ఎవరు చనిపోయారు అన్నది ఆ నివేదికల్లో ఉండేది.

62 ఏళ్లకు తెరుచుకునే ఫైలు

అమెరికాలో సైనికుడు సర్వీసు వదిలి 62 ఏళ్లు నిండితే అతని ఫైలు జాతీయ ఆర్కైవ్స్ సొత్తవుతుంది. బంధువులే కానక్కర్లేదు, ఎవరైనా నకలు అడగొచ్చు.

మన పక్కనే అమెరికా డిపో

అలాంటి ఫైళ్లున్న అమెరికా సైనికుల్లో కొందరు మన పక్కనే పనిచేశారు. కుప్పానికీ మదనపల్లెకూ రెండు మూడు గంటల దూరంలోని బెంగళూరులో 1940లో వాల్‌చంద్ హీరాచంద్, మైసూరు సర్కారు కలిసి హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ స్థాపించారు. అదే ఇప్పటి హెచ్‌ఏఎల్. 1943లో దాన్ని అమెరికా ఆర్మీ వైమానిక దళానికి అప్పగించారు. 84వ ఎయిర్ డిపో పేరుతో అక్కడ యుద్ధ విమానాలు బాగుచేశారు. మొట్టమొదట మరమ్మతు చేసింది కాటలీనా అనే నీటి విమానాన్ని.

విశాఖ బాంబుల వారం

యుద్ధం మన తీరాన్నీ తాకింది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. అంతకు నాలుగు రోజుల ముందే, భారత్ కేంద్రంగా పనిచేసిన అమెరికా పదో వైమానిక దళం తన మొదటి దాడి చేసింది. గురి అండమాన్‌లో ఉన్న జపాను నౌకలు.

మిషన్‌గన్ నంబరుతో సహా

ఇలా ఎగిరి వెళ్లినవన్నీ తిరిగి రాలేదు. 1943 నుంచి, తిరిగిరాని అమెరికా ఆర్మీ వైమానిక దళ విమానానికి ఒక నివేదిక రాసేవారు. సిబ్బంది పేర్లు, చివరిసారి కనబడిన చోటు, చూసినవాళ్ల వాంగ్మూలం, ఇంజన్ల నంబర్లు, మిషన్‌గన్ల నంబర్లు కూడా అందులో ఉంటాయి. హిమాలయాల మీదుగా చైనాకు సరుకు మోస్తూ కూలిన విమానాల శకలాలను గుర్తించడానికి ఇలాంటి నంబర్లు సాయపడతాయి.

493 గుర్తుంచుకోండి

చైనా–బర్మా–ఇండియా రంగంలోని అమెరికా సేనల దస్త్రాలు మేరీలాండ్‌లోని కాలేజ్ పార్క్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. వాటి వర్గం సంఖ్య 493. ఆనాటి దక్షిణ భారతం మీద పరిశోధన చేసే మన విద్యార్థులు ఆ సంఖ్యతో అడగాలి.

మన చేతిలో ఉన్నది

మన జవాను ఇంటికొచ్చేటప్పుడు తెచ్చుకునే డిశ్చార్జి బుక్కు చిన్నదే. అందులో అతని ఊరు, చేరిన తేదీ, చేసిన పని, పతకాలు అన్నీ ఉంటాయి. రేపు అతని భార్యకు కుటుంబ పింఛను రావాలన్నా అందులోని వివరాలు అవసరమవుతాయి. కాబట్టి డిశ్చార్జి బుక్కునూ పింఛను ఉత్తర్వునూ ప్రతి పేజీ ఫొటో తీయండి. ఒక జిరాక్సు ఇంట్లో, ఇంకొకటి వేరే ఊళ్లో ఉన్న కొడుకు దగ్గరో కూతురి దగ్గరో ఉంచండి. పేర్లలో తేడాలుంటే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం సాయంతో ఇప్పుడే దిద్దించండి. పుస్తకంలో లేని సంగతులు, అంటే ఏ సరిహద్దులో ఉన్నారు, పక్కన ఎవరున్నారు అన్నవి, తాతను అడిగి తేదీ వేసి రాసిపెట్టండి. అవి ఏ ఆర్కైవ్స్‌లోనూ దొరకవు.