నావికుడు నిద్రించువేళ

సముద్రమును దాటుట యన్నంతనే మన కన్నులయెదుట నిలుచునది పెద్ద ఓడ. మేడవంటి దేహము, కడుపులో యంత్రములు, వంతులవారీగా మేలుకొని యుండు నావికులు. కాని ముప్పదియడుగుల తెరచాప పడవలో ఒంటరిగా బయలుదేరి, నెలల తరబడి నేల మోము చూడక, భూమిని చుట్టివచ్చిన వారును కలరు. ఇట్టివారిని గూర్చి విన్నప్పుడు ఎవరైనను మొదట అడుగునది, తుపాను వచ్చినచో గతియేమని. రెండవది, రాత్రులందు ఎట్లు నిద్రపోవుదురని. ఈ రెండవదియే అసలు ప్రశ్నయని నా తలంపు. మొదటిదానికి సమాధానము చాలవరకు పడవ కట్టిన వడ్రంగియే చెప్పి యుంచును. రెండవదానిని నావికుడు ప్రతి రాత్రియు తానే వెదకుకొనవలెను.

ముందుగా తుపాను మాట. నీటిపై తేలుటకు పెద్దతనముతో పనిలేదు. సముద్రయానమునకై కట్టిన పడవకు అడుగున సీసమో ఇనుమో బరువుగా బిగింపబడి యుండును. పడవ మొత్తపు బరువులో ఇంచుమించు మూడవవంతు ఇదియే యుండుట కలదు. తంజావూరు బొమ్మను ఎటు పడద్రోసినను లేచి కూర్చున్నట్లు, గాలికి ఒరిగిన పడవను ఈ అడుగుబరువు మరల నిలువబెట్టును. తలుపులు బిగించియున్నచో బోర్లపడిన పడవ సయితము లేచుట కలదు. ఎత్తైన కెరటమైనను నున్నగా వచ్చినచో భయము లేదు, పడవ దానిపైకి ఎక్కి దిగును. ప్రమాదమంతయు నురుగులు గ్రక్కుచు విరిగిపడు కెరటమునందే. పడవ పొడవులో నూటికి 60 వంతుల ఎత్తుగల విరుగు కెరటము ప్రక్కనుండి తగిలినచో దాదాపు ఏ పడవయైనను దొర్లిపోవునని నమూనాలతో చేసిన పరీక్షలలో తేలినది.

1979 ఆగస్టులో ఇంగ్లండునుండి బయలుదేరి ఐర్లండు చెంతనున్న ఫాస్ట్‌నెట్ శిలను చుట్టివచ్చు పందెమున 303 పడవలు పాల్గొనెను. నడుమ తుపాను విరుచుకొనిపడి పందెములోని 15 మంది నావికులు మరణించిరి. ఇరువదినాలుగు పడవలను వారు సముద్రమున విడిచిపెట్టిరి. వానిలో 19 పడవలు, లోపల మనుష్యులు లేకయే, తరువాత తేలుచు దొరికినవి. పడవలు ఓర్చుకొన్నంతగా మనుష్యులు ఓర్చుకొనజాలక పోయిరని దీనివలన తెలియుచున్నది.

ఇక నిద్ర. పడవను తిన్నగా నడుపునది చుక్కాని. దానిని వదలిన మరుక్షణము పడవ గాలికి ఎదురు తిరుగును, లేదా ప్రక్కకు తిరిగి కెరటమునకు ఒడ్డి నిలుచును. ఒక్కడేయున్న పడవలో ఆ చుక్కానిని రాత్రియంతయు ఎవరు పట్టుదురు?

దీనికి మొదటి సమాధానము జాషువా స్లోకమ్ అను అమెరికా కెప్టెన్ ఇచ్చెను. తెరచాప ఓడల కాలము ముగియుటచే జీవనము పోగొట్టుకొన్న ఈతనికి ఎవరో ఒక పాతబడిన పడవను దానముచేసిరి. పొలములో పడియున్న దానిని పదుమూడు నెలలు శ్రమించి తానే తిరిగి కట్టుకొనెను. పొడవు 36 అడుగుల 9 అంగుళములు, పేరు 'స్ప్రే'. అందులో 1895 ఏప్రిల్ 24న బోస్టన్ విడిచి, 1898 జూన్ 27న న్యూపోర్టు చేరెను. భూమిని ఒంటరిగా చుట్టివచ్చిన మొదటి నావికుడు ఈతడే. ఈతనికి ఈత రాదు.

స్ప్రేకు ఒక సుగుణము కలదు. గాలి తెరచాపను నెట్టు చోటును, నీరు పడవ అడుగును ఎదిరించు చోటును సరిగా సమకూడినచో, చుక్కానిని త్రాటితో కట్టివేసినను పడవ దారి విడువదు. సంతనుండి మరలునప్పుడు బండివాడు కునుకుతీసినను ఎద్దులు ఇంటిత్రోవ తప్పనట్లే. పొడవైన అడుగుదూలము గల స్ప్రే ఇట్టిది. ఆస్ట్రేలియాకు ఉత్తరముననున్న థర్స్‌డే ద్వీపమునుండి హిందూమహాసముద్రములోని కీలింగ్ దీవులవరకు 2,700 మైళ్ళు 23 దినములలో నడచినది. ఆ దినములన్నిటిలో స్లోకమ్ చుక్కాని పట్టినది మొత్తము మూడు గంటలకు మించలేదట.

ఒకసారి అజోర్సు దీవులు దాటినపిదప, రేగుపండ్లను బోలిన ప్లమ్ పండ్లును, జున్నును తిని కడుపునొప్పితో పడిపోయెను. బయట పెనుగాలి. తలయెత్తి చూడగా చుక్కానియొద్ద ఎవరో పొడవాటి మనిషి! తాను కొలంబసు నాటి 'పింటా' నౌక చోదకుడనని చెప్పెనట. తెల్లవారి చూచుకొనగా పడవ దారి తప్పక తొంబది మైళ్ళు సాగి యుండెను. జ్వరపు కలయనుకొన్నను, ఒంటరివాని మనస్సు దేనికై అల్లాడుచుండెనో ఈ కథ చెప్పుచున్నది. దక్షిణ అమెరికా కొనను మరియొక భయము: రాత్రివేళ పడవపైకి వచ్చువారి బెడద. దానికి ఆయన ఉపాయము, తివాచీలకు కొట్టు చిన్న మేకులను పడవపై చల్లి పరుండుట. వట్టికాళ్ళతో ఎక్కినవారి కేకలే ఆయనకు మేలుకొలుపు!

అన్ని పడవలకును స్ప్రే సుగుణము లేదు. 1960లో ప్లిమత్ నుండి న్యూయార్కునకు ఒంటరి నావికుల పందెము మొదటిసారి జరిగెను. పాల్గొన్నవారు అయిదుగురు. గెలిచినవాడు ఫ్రాన్సిస్ చిచెస్టర్, 40 దినములు. రెండవవాడు హాస్లర్, 48 దినములు. గెలుపు చిచెస్టరుదైనను, తరువాతి తరములకు ఉపకారి హాస్లరని చెప్పవచ్చును. ఆయన పొందించిన గాలిరెక్క సాధనము ఇట్లు పనిచేయును. పడవ వెనుకభాగమున ఒక తేలికరెక్క గాలికి సమముగా నిలుచును. పడవ దారి తొలగినంతనే గాలి రెక్కను ఒక ప్రక్కకు వంచును. ఆ చిన్న కదలిక నీటిలో నిలువుగా వ్రేలాడు పలకను కొంచెము త్రిప్పును. పరుగెత్తు నీరు ఆ పలకను బలముగా ప్రక్కకు త్రోయును. దానికి కట్టిన త్రాళ్ళు చుక్కానిని లాగి పడవను సరిదిద్దును. గాలి సైగచేయగా నీరు బలమిచ్చును. విద్యుత్తు అక్కరలేదు, అన్నము అక్కరలేదు, అలసట లేదు.

ఒక్క లోపము కలదు. రెక్క ఎరుగునది గాలిని మాత్రమే, దిక్కును కాదు. నడిరేయి గాలి మరలినచో పడవయు నిశ్శబ్దముగా మరలును. నిద్రలేచినవాడు మొదట దిక్సూచిని చూచుట అందుకే.

1968లో ఎచ్చటను ఆగక భూమిని చుట్టు పందెము జరిగెను. బయలుదేరిన తొమ్మండుగురిలో ముగించినవాడు రాబిన్ నాక్స్-జాన్‌స్టన్ ఒక్కడే. ఆయన పడవ 'సుహైలీ' మన బొంబాయిలో టేకుకొయ్యతో కట్టబడినది, పొడవు ముప్పదిరెండడుగులు. జూన్ 14న ఫాల్మత్ విడిచి, మరుసటి యేడు ఏప్రిల్ 22న అచ్చటికే చేరెను. ఆస్ట్రేలియా ప్రాంతమున గాలిరెక్క విరిగి పనికిరాకపోగా, మిగిలిన సగము భూమిని స్లోకమ్ పద్ధతినే, తెరచాపలను సవరించియు చుక్కానిని కట్టియు, దాటెను. రేడియోలో పంపు సాధనము అంతకుమునుపే చెడియుండుటచే న్యూజీలాండు దాటినపిమ్మట నెలల తరబడి ఆయన జాడ లోకమునకు తెలియలేదు. వినుట వేరు, పలుకుట వేరు కదా! రేడియో కాలసంకేతములు ఇంట గోడగడియారమును దిద్దుకొనుటకు మనకు పనికివచ్చును. సూర్యుని ఎత్తు కొలిచి స్థానము తెలిసికొను నావికునికి గడియారము నాలుగు సెకండ్లు తప్పినచో, భూమధ్యరేఖయొద్ద ఒక నాటికల్ మైలు తప్పును.

పడవ తనంతట నడచుచున్నను ఎదుట వచ్చు ఓడను చూచునది ఎవరు? చిన్న పడవపై నిలిచినవానికి నీటిమట్టము మూడు మైళ్ళవరకే కానవచ్చును. పెద్ద ఓడ దీపము ఎత్తుననుండుటచే ఎనిమిది మైళ్ళనుండి కనబడవచ్చును. గంటకు ఇరువది నాటికల్ మైళ్ళతో వచ్చు ఓడ ఆ దూరమును ఇరువదినాలుగు నిమిషములలో దాటును. పడవ దానికి ఎదురు నడచుచున్నచో ఇరువది నిమిషములే. కనుక ఓడల దారులలో ఒంటరి నావికులు ఇరువది నిమిషములకొకసారి గంట మ్రోగునట్లు పెట్టుకొని లేచి చూతురు. నేడు ఓడలు తమ ఉనికిని రేడియో తరంగములతో చాటుకొను సాధనము కలదు. సమీపించినచో అది మ్రోగి లేపును. కాని కొయ్య చేపల పడవ అట్టిదేమియు చాటదు. 1972 నాటి అంతర్జాతీయ నౌకా నిబంధనలలో అయిదవది ప్రతి నౌకయు ఎల్లవేళల కంటితోను చెవితోను కావలి యుంచవలెనని శాసించుచున్నది. ఒంటరి నావికుడు దీనిని పాటింపజాలడు. ఈ సాహసమును నేను మెచ్చుకొందును. అయినను, తన ప్రాణమును పణమొడ్డుట వేరు, దీపము సరిగాలేని జాలరిపడవ మీదికి నిద్రలో పోవుట వేరు. తీరమునకు దగ్గరగా నిద్రింపరాదనుటయే న్యాయము.

మేలుకొనియున్నను ఫలములేని వేళలును కలవు. మన నౌకాదళపు అభిలాష్ టోమీ 2012 నవంబరు 1న ముంబయి విడిచి, ఎచ్చటను ఆగక ఒంటరిగా భూమిని చుట్టి 2013 మార్చి 31న తిరిగివచ్చిన మొదటి భారతీయుడు. 2018లో సుహైలీని పోలినట్లు గోవాలో కట్టిన 'తురీయ'పై మరల బయలుదేరెను. సెప్టెంబరు 21న హిందూమహాసముద్రపు దక్షిణభాగమున కెరటములు పడవను దొర్లించెను. స్తంభములు విరిగెను, ఆయన వెన్ను దెబ్బతినెను. పెర్త్ నగరమునకు దాదాపు 1,900 నాటికల్ మైళ్ళ దూరమున కదలలేక పరుండియుండగా, మూడవనాడు 'ఒసిరిస్' అను ఫ్రెంచి నౌక వచ్చి రక్షించెను. తురీయ అప్పటికిని తేలుచునే యుండెను. ఆయన మరల అదే పందెమునకు వెళ్ళి, 2023 ఏప్రిల్ 29న రెండవవాడుగా ముగించెను. ఈసారి గాలిరెక్క సాధనము విరుగగా పడవలోని తలుపుచెక్కను కోసి అతికించుకొనెనట!

ఒంటరితనమే విడిచిపెట్టుట మరియొక మార్గము. 2017 సెప్టెంబరు 10న గోవానుండి 'తారిణి'పై బయలుదేరిన ఆరుగురు నౌకాదళ మహిళలు వంతులువేసికొని చుక్కాని పట్టిరి, వంతులువేసికొని నిద్రించిరి. వారిలో పి. స్వాతి విశాఖపట్టణపు బిడ్డ, బి. ఐశ్వర్య హైదరాబాదునకు చెందినది. పసిఫిక్ సముద్రపు పెనుగాలిని దాటివచ్చిన ఆ పడవకు ఇంటికి చేరువైన హిందూమహాసముద్రమున చుక్కాని యంత్రమే చెడినది. మారిషస్ రేవున దానిని బాగుచేసికొని, 2018 మే 21న గోవా చేరిరి.