గగన విద్యకు ఓనమాలు

యుద్ధవిమానం అనగానే మెరుపు వేగమూ, ఆయుధ సంపత్తీ మన మనస్సులో మెదులుతాయి. కాని ఆ విమానాన్ని నడిపే వీరుడు ఒకనాడు చిన్న శిక్షణ విమానంలో కూర్చుని ఓనమాలు దిద్దినవాడే. స్వతంత్ర భారతంలో ఆ ఓనమాలు నేర్పిన తొలి స్వదేశీ లోహవిమానం హెచ్.టి.-2.

రెండవ ప్రపంచ యుద్ధానంతరం మన వాయుసేనలో ప్రాథమిక శిక్షణకు బ్రిటిష్ వారి టైగర్ మాత్ విమానాలే ఆధారం. వాటికి ఒకదానిపై ఒకటిగా రెండు వరుసల రెక్కలు, పైన గుడ్డ కప్పు ఉండేవి. వాటి స్థానంలో కొత్తవి అవసరమయ్యాయి. పరదేశాల నుంచి కొనడమా, స్వయంగా నిర్మించడమా?

1940లో వాల్‌చంద్ హీరాచంద్ బెంగళూరులో నెలకొల్పిన హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ సంస్థ యుద్ధకాలంలో ప్రధానంగా మరమ్మతు కేంద్రంగా పనిచేసింది. అక్కడి పనివారికి విమానాన్ని విప్పి బిగించడం తెలుసు. రూపకల్పన చేయడం వేరొక విద్య. జర్మనీలోని గోటింగెన్‌లో ప్రాంట్ల్ మహాశయుని వద్ద పరిశోధన చేసిన డాక్టర్ విష్ణు మాధవ్ ఘాటగే ఆ బాధ్యతను స్వీకరించారు. ఆయన నాయకత్వంలో రూపొందిన హెచ్.టి.-2, 1951 ఆగస్టు 5న తొలిసారి గగనానికి ఎగిరింది.

ఇది ఒకే వరుస రెక్కలు గల లోహవిమానం. ఇంజను శక్తి 155 అశ్వశక్తి. గురుశిష్యులు ఒకరి వెనుక ఒకరు కూర్చుంటారు; ఇద్దరికీ నియంత్రణ పరికరాలు ఉంటాయి. శిష్యుడు పొరబడితే గురువు తక్షణం సరిదిద్దగలడు.

దీని మూడవ చక్రం తోక కింద ఉంటుంది. ఇలాంటి విమానంలో గరిమనాభి ముందరి చక్రాలకు వెనుకగా ఉంటుంది. అందువల్ల నేలపై పరుగెత్తే వేళ ముక్కు కొద్దిగా పక్కకు మళ్ళినా, వెనుకనున్న బరువు ఆ మలుపును మరింత పెంచుతుంది. పాదాలతో చుక్కానిని సకాలంలో కదిలించకపోతే విమానం గిర్రున తిరిగిపోతుంది. ఆ విధంగా అప్రమత్తతే విద్యార్థికి మొదటి పాఠమయ్యేది.

ఇటువంటి విమానాలు 150కి పైగా తయారయ్యాయి. 1959లో ఘనా దేశ వాయుసేన రూపుదిద్దుకొన్నప్పుడు అక్కడి యువకులు సైతం హెచ్.టి.-2 విమానాలపైనే శిక్షణ పొందారు. అదే సంవత్సరం బెంగళూరులో 'కృషక్' అనే మరో తేలిక విమానం ఎగిరింది. సైన్యానికి శత్రుస్థావరాలను పరిశీలించడం, ఫిరంగుల గురిని సరిచూడడం దాని పని.

హెచ్.టి.-2 వారసత్వం మన తెలుగునేలనూ తాకింది. దాని తరువాత వచ్చిన హెచ్.పి.టి.-32 హైదరాబాదు సమీపంలోని దుండిగల్ వాయుసేన అకాడమీలో ఎందరికో తొలి పాఠాలు నేర్పింది. ఆ సంప్రదాయంలోనే హెచ్.టి.టి.-40 అనే శిక్షణ విమానం 2016 మే 31న తొలిసారి ఎగిరింది.

హెచ్.టి.-2 యుద్ధాలు గెలిచిన విమానం కాదు. అయితే ఒక తరం యువకులకు ఎగరడాన్ని, ఒక తరం ఇంజనీర్లకు విమాన నిర్మాణాన్ని నేర్పింది. కొనుక్కున్న వస్తువు కొంతకాలమే ఉంటుంది. నేర్చుకొన్న విద్య తరతరాలకూ నిలుస్తుంది.