పాత పరికరాలకు క్రొత్త నెలవులు

మనకు అక్కర తీరిన వస్తువు వేరు, ఎవరికీ అక్కరకు రాని వస్తువు వేరు. ఈ భేదాన్ని విద్యాసంస్థలు తరచుగా విస్మరిస్తుంటాయి. క్రొత్త కంప్యూటర్లు వచ్చిన నాడే పాతవి మెట్లక్రింది గదికి చేరుతాయి. కొన్నేండ్ల పిమ్మట అక్కడినుండి తుక్కు వ్యాపారి బండి ఎక్కుతాయి. అసలు నష్టం జరిగేది ఈ రెండు ప్రయాణాల నడుమనే.

కేంద్ర ప్రభుత్వపు సాధారణ ఆర్థిక నిబంధనలు (2017) తొలగింపదగిన సామగ్రిని మూడు విధాలుగా పేర్కొన్నాయి: మిగులు, కాలం చెల్లినది, పనికిరానిది. మిగులు వస్తువు ఈనాడే మరొకరి చేతిలో పనిచేయగలదు. కాలం చెల్లిన వస్తువు ఒకరి దృష్టిలో చెల్లినదే గాని, అందరి దృష్టిలో కాదు. తుక్కుకు పోవలసినది మూడవది మాత్రమే. కాని చాలచోట్ల స్టాకు రిజిస్టరులో ఈ మూడింటికీ ఒకే గడి, ఒకే ఎర్రగీత. మరమ్మతు, రద్దు అను రెండు మాటలనూ మన తెలుగు ఉర్దూ నుండే గ్రహించింది. కార్యాలయాలకు మాత్రం రెండవదానిపైనే మక్కువ హెచ్చు.

జంతుశాస్త్ర ప్రయోగశాలలోని సూక్ష్మదర్శినినే ఉదాహరణగా తీసికొందాం. విద్యుద్దీపం గల క్రొత్త యంత్రాలు రాగానే, క్రింద అద్దం గల పాత సూక్ష్మదర్శినులు బీరువాకు చేరుతాయి. బీరువాలో భద్రంగా ఉన్నవనుకోవడం పొరపాటు. వానాకాలపు తేమకు కటకాలపై బూజు పుడుతుంది. అది మొదట గాజు మీది పూతను, ఆపై గాజునే తినివేస్తుంది. పూటకొకసారి కరెంటు పోయే పల్లెలోని ఉన్నత పాఠశాలకు ఈ అద్దపు యంత్రమే మేలు. కిటికీ వెలుగు చాలు, పిల్లలు ఉల్లిపొరలోని కణాలను కన్నులారా చూడగలరు. బొమ్మ చూచి కణాన్ని నేర్చుకొనే విద్యార్థికీ, కణాన్నే చూచి నేర్చుకొనే విద్యార్థికీ ఎంత అంతరమున్నదో అధ్యాపకులకు చెప్పనక్కరలేదు. ఆ బూజు పట్టక మునుపే, అనగా ఒకటి రెండు వర్షాకాలాలు గడవక మునుపే, యంత్రం చేతులు మారవలెను.

కంప్యూటర్ల సంగతి మరింత తొందరపెట్టేది. మైక్రోసాఫ్ట్ సంస్థ 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు సాధారణ మద్దతును ముగించింది. దాని తరువాతి విండోస్ 11 చాల పాత యంత్రాలను అంగీకరించదు. యంత్రం చెడలేదు, దానిలోని మృదుసామగ్రికి మాత్రమే గడువు తీరింది. ఉచితంగా లభించే లినక్స్‌ను అమర్చినచో ఇట్టి యంత్రాలు పెక్కు మరికొన్నేండ్లు సేవ చేయగలవు. తెలుగు, ఉర్దూ రెండింటిలోనూ టైపు చేసికొనవచ్చును. పైగా, ఒక లాప్‌టాప్ వలన పర్యావరణానికి కలిగే భారంలో పెద్దభాగం దాని తయారీలోనే ముగిసిపోతుంది. వాడుక కాలాన్ని పొడిగించడమే ఆ భారాన్ని సార్థకం చేయడం.

ఐక్యరాజ్యసమితి నివేదిక ప్రకారం 2022లో ప్రపంచమంతట 6.2 కోట్ల టన్నుల ఎలక్ట్రానిక్ వ్యర్థాలు పోగుపడ్డాయి. సక్రమంగా సేకరించి పునర్వినియోగ ప్రక్రియకు చేర్చినట్లు లెక్కకు అందినది 22.3 శాతమే. హైదరాబాదు చెత్త చేరే జవహర్‌నగర్ పరిసరాలలోని మల్కారం చెరువు ఏమైనదో ఆ ప్రాంతీయులను అడిగితే చెప్తారు. పాత గాజుతెరల మానిటర్లలో సీసం ఉన్నదన్న విషయం కూడ స్మరణీయం.

అయితే ఇచ్చివేయడమే పరమార్థం కాదు. ఇక్కడే ఉదారులు తప్పటడుగు వేస్తారు. పదహారు దేశాల ఆసుపత్రులలోని 1,12,040 వైద్య పరికరాల జాబితాలను పరిశీలించి 2011లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, సగటున 38.3 శాతం పరికరాలు పనిచేయుట లేదని తేలింది. శిక్షణ, నిర్వహణ, విద్యుత్తు వంటి సదుపాయాల కొరతయే ముఖ్య కారణం. పనిచేయని యంత్రాన్ని పేద పాఠశాలకు పంపినచో మన తుక్కును వారి గదికి తరలించినట్లే అగును. కనుక ముందుగా, కావలసినది ఏదో పుచ్చుకొనేవారినే అడగవలెను. యంత్రాన్ని వారి యెదుటనే నడిపి చూపవలెను. తీగలు, కటకాలు, సూచనల పుస్తకం దానితోపాటే పోవలెను. కంప్యూటరైతే, ఇచ్చే ముందు హార్డ్‌డిస్కును పూర్తిగా చెరిపివేయవలెను. ఫైళ్ళను తొలగించినంత మాత్రాన విద్యార్థుల మార్కులు, ఆధార్ సంఖ్యలు అందులోనుండి పోవు.

నిజంగా పనికిరానివి మిగిలితే, 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చిన ఎలక్ట్రానిక్ వ్యర్థాల నిబంధనల పరిధిలోనికి ప్రయోగశాల పరికరాలు సైతం వచ్చినవి గనుక, నమోదైన పునర్వినియోగదారునికే ఇవ్వవలెను. యు.పి.ఎస్. బ్యాటరీలకు వేరే నిబంధనలున్నవి. వాటిని వీటితో కలుపరాదు.

కళాశాల పాలకవర్గం వారికి ఒక మనవి. వార్షిక స్టాకు తనిఖీలో ఆ ఒక్క గడిని మూడు గడులుగా విభజింపుడు. మిగులు వస్తువుల జాబితాను, ప్రతిదాని స్థితిని ఒక్క వాక్యంలో తెలుపుతూ, తెలుగులోనూ ఉర్దూలోనూ వ్రాయించి ఏప్రిల్ నెలలోనే పరిసర పాఠశాలలకు పంపినచో, జూన్‌లో బడులు తెరిచేనాటికి తీర్మానం, రశీదు, రవాణా అన్నీ పూర్తికాగలవు. సూక్ష్మదర్శినులు వానలకు ముందే గది దాటుతాయి.